అట్లాంటా వెళ్లినా డాలస్ కేసు వెంటే వస్తుంది

డాలస్ నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 34, హెచ్‌-1బీ, భార్య హెచ్‌-4 మీద ఉన్నారు, మూడేళ్ల పాప. పద్నాలుగు నెలల కిందట తాగి కారు నడిపిన కేసులో శిక్ష పడింది. టెక్సస్‌లో దీన్ని డీడబ్ల్యూఐ అంటారు. అప్పటి నుంచి ఎస్‌ఆర్‌-22తో (ఇన్సూరెన్స్ ఉందని కంపెనీ రాష్ట్రానికి పంపే హామీ పత్రం) కలిపి కారు ఇన్సూరెన్స్ నెలకు 290 డాలర్లు అవుతోంది. వచ్చే నెల కొత్త ఉద్యోగం కోసం అట్లాంటా పక్కన ఆల్ఫరెటాకు మారుతున్నారు. జార్జియా లైసెన్స్ తీసుకుంటే పాత కేసు కనబడదని, ఇన్సూరెన్స్ 130కి దిగుతుందని ఒక ఫ్రెండ్ చెప్పారట. ఆ ధైర్యంతో సేవింగ్స్‌లో ఉన్న 18,000 డాలర్లలో 15,000 తీసి, 16 శాతం వడ్డీకి 30,000 పర్సనల్ లోన్ కలిపి షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొందామనుకుంటున్నారు. కొనొచ్చా అని అడిగారు.

వద్దండీ. ప్లాటు సంగతి తర్వాత, ముందు ఆ ఫ్రెండ్ మాట చూద్దాం. రాష్ట్రం మారితే కేసు మాసిపోతుందనుకుని బడ్జెట్ వేసుకున్నవాళ్లు మీరొక్కరే కాదు.

ఆయన మాటలో సగం నిజముంది. అమెరికాలో డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఒక రాష్ట్రంలో తాగి నడిపి దొరికితే ఆ సమాచారం లైసెన్స్ ఇచ్చిన సొంత రాష్ట్రానికి వెళ్తుంది. జార్జియా, మసాచుసెట్స్, మిషిగన్, టెనెసీ, విస్కాన్సిన్ ఇందులో లేవు. మీ ఫ్రెండ్ ఇక్కడే ఆగిపోయారు. కాంపాక్ట్‌లో ఉన్నా లేకపోయినా కొత్త లైసెన్స్ ఇచ్చే ముందు ప్రతి రాష్ట్రమూ కేంద్ర ప్రభుత్వం నడిపే నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో పేరు వెతుకుతుంది. లైసెన్స్ సస్పెండ్ అయినవాళ్లు, తాగి నడిపి శిక్ష పడ్డవాళ్లు అందులో ఉంటారు. కేసు కథంతా అక్కడ ఉండదు. ఈ మనిషి గురించి ఫలానా రాష్ట్రాన్ని అడగండి అని చూపిస్తుంది, అంతే. అడిగితే టెక్సస్ చెప్పేస్తుంది.

ఇన్సూరెన్స్ కంపెనీకైతే ఈ ఒప్పందాలతో పనే లేదు. పాత లైసెన్స్ నంబరుతో మీ డ్రైవింగ్ రికార్డు నేరుగా తెప్పించుకుంటుంది. ఆన్‌లైన్ కోట్ ఫారంలో గత కొన్నేళ్లలో డీయూఐ (డీడబ్ల్యూఐకే చాలా రాష్ట్రాల్లో పేరు) ఉందా, ఎస్‌ఆర్‌-22 కావాలా అని ఎలాగూ అడుగుతారు. అక్కడ 'లేదు' మీద నొక్కితే ఈ రోజుకు ప్రీమియం తగ్గినట్టే కనిపిస్తుంది. రేపు యాక్సిడెంట్ అయ్యాక ఆ అబద్ధం బయటపడితే క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. నెలకు 160 డాలర్లు మిగుల్చుకోబోయి ఎదుటివాళ్ల ఆసుపత్రి బిల్లు నెత్తిన వేసుకుంటారు. బడ్జెట్‌లో 290 అనే రాసుకోండి. తగ్గితే మంచిదే.

ఇల్లు మారే హడావిడిలో చాలామంది పడే గుంట ఇంకోటి ఉంది. టెక్సస్‌లో ఎస్‌ఆర్‌-22ను శిక్ష పడిన రోజు నుంచి రెండేళ్లు ఉంచాలి. మీకింకా పది నెలలుంది. మూవర్స్ ట్రక్కు బయల్దేరిందని పాత పాలసీ క్యాన్సిల్ చేశారనుకోండి, కంపెనీ వెంటనే ఎస్‌ఆర్‌-26 అనే, పాలసీ ఆగిపోయిందని చెప్పే కాగితం టెక్సస్‌కు పంపుతుంది. అక్కడ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. ఆ సస్పెన్షన్ రిజిస్టర్‌కు ఎక్కుతుంది, జార్జియా కౌంటర్‌లో మీ అప్లికేషన్ ఆగిపోతుంది. కొత్త పాలసీ మీద టెక్సస్‌కు ఫైలింగ్ వెళ్లిందని చేతికి కాగితం వచ్చాకే పాతది ఆపండి. అన్నట్టు, 2019 నుంచి టెక్సస్‌లో మొదటిసారి శిక్ష పడినా కోర్టు జరిమానాతో పాటు 3,000 డాలర్ల స్టేట్ ఫైన్ ఉంది. మీరు పంపిన లెక్కలో అది కనబడలేదు. కట్టారా?

ఇక నేను ప్రతిసారీ గోల పెట్టే విషయం, ఎమర్జెన్సీ ఫండ్. మీ నెల ఖర్చు 4,200. ఉన్న 18,000 నాలుగు నెలల పైచిలుకు వస్తుంది. అందులో 15,000 తీసేస్తే మిగిలిన 3,000 మూడు వారాలకు సరి. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు చాలదు, పది నెలలది కావాలి, అంటే 42,000. ఎందుకో చెప్తాను.

హెచ్‌-1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికో దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఇది అందరికీ ఉన్నదే. మీ మీద ఇంకో బరువుంది. గత ఐదేళ్లలో తాగి నడిపిన అరెస్టు ఉంటే వీసాను రద్దు చేసే విధానం 2015 నుంచి అమల్లో ఉంది. అమెరికాలో ఉన్నంతవరకు దానివల్ల మీ స్టేటస్ పోదు, కానీ దేశం దాటితే మళ్లీ స్టాంపింగ్ కావాలి. డీఎస్‌-160 అనే వీసా దరఖాస్తులో అరెస్టు గురించి అడుగుతారు, కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్షకు పంపుతారు. ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లికి వస్తున్నామని రాశారు. పెళ్లి అయిపోయాక హైదరాబాద్‌లో వీసా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆల్ఫరెటాలో అద్దె, కారు ఈఎంఐ ఆగవు. చేరి నాలుగు నెలలు కూడా కాని కంపెనీ జీతం ఇస్తూ ఎన్నాళ్లు ఆగుతుంది? టికెట్ బుక్ చేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్ ఫీజు కట్టి మాట్లాడండి.

ఇంత ఉండగా 16 శాతానికి అప్పు తెచ్చి భూమి కొంటారా! ఐదేళ్లకు ఈఎంఐ నెలకు 730 డాలర్లు, వడ్డీయే 13,700 దాటుతుంది. జీతం వస్తేనే కట్టగలిగే అప్పు, వీసా ఉంటేనే వచ్చే జీతం, ఆ వీసా మీద ఈ కేసు. ఒకటి కదిలితే మిగతావీ కదులుతాయి. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401(కె) నుంచి తీస్తానన్న రెండో ఆలోచన కూడా మానేయండి.

టర్మ్ లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ మీ సొంతంగా తీసుకోండి, కేసు సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం ఎక్కువ చెప్పినా తీసుకుని, ఐదేళ్లయ్యాక మళ్లీ కోట్ అడగండి. ఇండెక్స్ ఫండ్ గురించి అడిగారు, 42,000 నిండాక చూద్దాం.

ప్లాటుకు లక్ష రూపాయలు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చానని చివర్లో రాశారు. తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, అది మీ రెండు ఈఎంఐల కన్నా తక్కువే.