రిటైర్మెంట్ డబ్బుతో రెండు గేదెలు కొనొచ్చా?

ప్రశ్న: గుంటూరులో ప్రభుత్వ హైస్కూల్లో పనిచేసి ఈ మధ్యే 62 ఏళ్లకు రిటైరయ్యాను. అన్నీ కలిపి 38 లక్షలు చేతికొచ్చాయి. పెన్షన్ నెలకు 46 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. సొంత ఇల్లు ఉంది. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. మా ఆవిడకు షుగరు ఉంది. దుగ్గిరాల దగ్గర కాలవ పక్కన నా వాటాకు 70 సెంట్లు వచ్చింది. అక్కడ రెండు ముర్రా గేదెలు, పది మేకలు, యాభై నాటుకోళ్లు, కూరగాయల తోట పెట్టాలని చిన్నప్పటి నుంచి కోరిక. గేదెలకు 2 లక్షలు, పాకకు మూడున్నర, ఇనుప కంచెకు రెండున్నర, ఒక గదికి నాలుగున్నర, కోళ్లకూ మేకలకూ లక్ష, బోరు బాగుకు 50 వేలు, మొత్తం 14 లక్షలు అవుతాయి. ఒక్కో గేదె పది లీటర్లు ఇస్తుందంటున్నారు. లీటరు 70 చొప్పున నెలకు 42 వేలు. దాణాకూ మిగతా వాటికీ 22 వేలు పోయినా 20 వేలు మిగలవా? పొలం ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. తమ్ముడూ నేనూ నోటిమాట మీద పంచుకున్నాం. ఒక చెల్లెలు కూడా ఉంది. సలహా ఇవ్వగలరు.

జవాబు:

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తోట పెట్టండి. అది మీకు మంచిదే, మీ ఆవిడ షుగరుకూ మంచిదే. కానీ దాన్నుంచి నెలకు 20 వేలు వస్తాయన్న ఆశను మాత్రం ఈ రోజే పక్కన పెట్టండి. ఆ ఆశతో మొదలుపెడితే ఏడాది తిరక్కుండానే తోట మీద విసుగు పుడుతుంది, డబ్బూ పోతుంది. మీ పెన్షన్‌తో ఇల్లు గడుస్తుంది కాబట్టి తోట మిమ్మల్ని పోషించాల్సిన పని లేదు. మీరు దాన్ని ఎంతవరకు పోషించగలరో చూసుకుంటే చాలు.

ముందు గేదెల లెక్క చూద్దాం. మీరు పది లీటర్లను ముప్పై రోజులతో, మళ్లీ పన్నెండు నెలలతో హెచ్చవేశారు. గేదె అలా ఇవ్వదు. ఈనిన తర్వాత సుమారు 300 రోజులు పాలిస్తుంది, ఆ తర్వాత వట్టిపోతుంది. కడుపు కట్టాక ఈనడానికి దాదాపు పది నెలలు పడుతుంది. సకాలంలో కట్టకపోతే ఇంకా ఆలస్యం. అందుకే ఒక ఈతకూ ఇంకో ఈతకూ మధ్య 15 నెలలు వేసుకోవడం క్షేమం. అంటే 450 రోజుల్లో 150 రోజులు పాలు లేకుండా మేపాలి. పది లీటర్లన్నది కూడా ఈనిన కొత్తలో మాట. మొత్తం పాడి కాలానికి సగటున ఏడు వేసుకుందాం. అప్పుడు ఒక్కో గేదెకు 2,100 లీటర్లు, దాన్ని 15 నెలలకు పంచితే నెలకు 140. రెండింటికీ కలిపి 280 లీటర్లు. మీరు వేసుకున్నది 600.

ఇంట్లోకి రోజుకు లీటరు తీసుకున్నా, దానికీ విలువ కట్టి 280 లీటర్లనూ 70 చొప్పునే లెక్కేస్తే 19,600 రూపాయలు. ఇళ్లకు పోస్తే ఆ ధర రావచ్చు. పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి ఇస్తారు కాబట్టి తగ్గొచ్చు. ఇక ఖర్చు. పాలిచ్చే గేదెకు రోజుకు ఐదు కిలోల దాణా, వట్టిపోయిన రోజుల్లో రెండు కిలోలు, సగటున నాలుగు. కిలో 32 అనుకుంటే రెండింటికి నెలకు 7,700. వరిగడ్డికి 1,800. మందులు, లవణాల మిశ్రమం, ఎద సూది లాంటివాటికి వెయ్యి. పచ్చిమేత మీ పొలంలోనే ఒక 20 సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి వేసుకుంటారనుకుందాం. ఇప్పటికి 10,500 అయింది. తొమ్మిది వేలు మిగిలాయి కదా అనిపిస్తుంది. కానీ మనిషి జీతం ఇంకా వేయలేదు. పొద్దునా సాయంత్రం పాలు పితికి, పేడ తీసి, మేత కోసి, కడిగే మనిషికి 12 వేలు అనుకోండి, నెలకు మూడు వేల దాకా చేతి నుంచి పడుతుంది. జీతగాడు వద్దు, నేనే చేసుకుంటానంటే ఆ తొమ్మిది వేలు మీ కూలి. మీరు పెట్టిన పెట్టుబడి మీద వడ్డీ ఇంకా లెక్కలోకి రాలేదు. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

కాగితం మీద పట్టనిది ఇంకొకటుంది. మా నాన్నగారు రిటైరయ్యాక కంకిపాడు దగ్గర ఒక్క గేదెను పెట్టుకున్నారు. చేసే మనిషి ఉన్నన్నాళ్లు బాగానే ఉంది. అతను మానేశాక నాన్నే పితకడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ గేదె ఆయన చేతికే అలవాటుపడిపోయింది, వేరే ఎవరు కూర్చున్నా చేపేది కాదు, పాలు దించేది కాదు. ఒకసారి ఆయనకు జ్వరమొచ్చి లేవలేకపోతే అమ్మ ఆయన చొక్కా తొడుక్కుని, తలకు ఆయన తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. దూడను రెండుసార్లు వదిలి, ముందు కాస్త దాణా పెట్టి, అరగంట బతిమాలితే రెండు లీటర్లు దిగాయి. మా చెల్లి సీమంతానికి నాన్న రాలేకపోయారు. తెనాలి దాకా వచ్చి మధ్యాహ్నానికల్లా వెళ్లిపోదామనుకున్నారు, చివరికి అదీ కుదరలేదు. ఆ సంగతి ఇప్పటికీ అమ్మ అంటూనే ఉంటుంది. మీ అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్లి పది రోజులు ఉండాలని మీ ఇద్దరికీ ఉంటుంది కదా. ఆ పది రోజులు పొద్దున నాలుగున్నరకు ఎవరు లేస్తారన్నది గేదె ధర కంటే ముందు తేల్చుకోవాలి.

పైగా గేదెకు మూగ ఎద ఎక్కువ. ఎండాకాలంలో అరవదు, పెద్దగా లక్షణాలు చూపించదు. ఎద చాలాసార్లు రాత్రిపూటే వచ్చి పోతుంది. మీరు గుంటూరులో పడుకుని పొద్దున్నే ముప్పావు గంట ప్రయాణం చేసి వస్తే మీ కంటబడదు. ఒక్కసారి తప్పితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ మూడు వారాల దాణా, గడ్డి, జీతం అన్నీ దండగే. ఊళ్లో ఉండి గొడ్లను కనిపెట్టుకునే వాళ్లకూ, పట్నం నుంచి వచ్చిపోయే వాళ్లకూ పాడిలో తేడా వచ్చేది ఇక్కడే.

మేకల సంగతి ఒక్క మాటలో చెబుతాను, వద్దు. 70 సెంట్లలో పది మేకలు, కూరగాయలు ఒకచోట ఇమడవు. కంచె ఎంత గట్టిగా వేసినా ఒక్క పూట తలుపు వారగా ఉంటే మీ బెండ, మునగ, కరివేపాకు మోడులై కనిపిస్తాయి.

ఇక నన్ను గేదెల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసింది. పొలం ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందన్నారు. ఆ నేల మీద కంచె, పాక, గది అని పదిన్నర లక్షలు పెడతానంటున్నారు. మీ తమ్ముడు మంచివాడే కావచ్చు. కానీ రేపు ఆయన పిల్లలు రోడ్డు వైపు వాటా మాదంటే నోటిమాటకు సాక్ష్యం ఎవరు? చెల్లెలి సంగతి మీరు ప్రస్తావించి వదిలేశారు. నాన్నగారి స్వార్జితంలో కూతురు 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ వారసురాలే. ఉమ్మడి ఆస్తిలో 2005 సవరణతో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అన్న మాట చట్టం ముందు నిలవదు. అమ్మగారు ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. అందరూ కూర్చుని, చెల్లెలికి ఏం ఇవ్వాలో మనస్ఫూర్తిగా మాట్లాడుకుని, భాగపంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకోండి. చెల్లెలు తన వాటా వదులుకుంటానన్నా అదీ రిజిస్టరైన కాగితం మీదే ఉండాలి. ఆ తర్వాత మీ పేరు మీద పాస్‌బుక్కు, రెవెన్యూ రికార్డులైన 1బీ, అడంగల్ మార్పించుకోండి. అంతవరకు ఆ పొలంలో సిమెంటు బస్తా దించొద్దు. కూరగాయలు వేసుకోండి, అభ్యంతరం లేదు.

డబ్బు విషయానికొస్తే, 38 లక్షల్లో 24 లక్షలు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. ఒకరి పేరు మీద 30 లక్షల దాకా వేయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. వేసిన రోజు ఉన్న రేటే మీకు ఐదేళ్లూ నడుస్తుంది. మూడు నెలలకోసారి 49,200 వస్తుంది, అంటే నెలకు 16,400. దీన్ని ఒకే ఖాతాలో వేయకుండా 14, 10 అని రెండు ఖాతాలు తెరవండి. ఈ స్కీములో కొంత డబ్బు మాత్రమే తీసుకోవడం కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాదిలోపు మూస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి పట్టుకుంటారు, రెండేళ్లలోపైతే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాతైతే ఒక శాతం కోత. రెండు ఖాతాలుంటే అవసరం పడినప్పుడు ఒక్కదానికే ఆ కోత పడుతుంది.

ఆరు లక్షలు రెండు బ్యాంకుల్లో మూడేసి లక్షల చొప్పున ఫిక్స్‌డ్ డిపాజిట్. ఇది ఆసుపత్రి డబ్బు. మీ ఆవిడ షుగరు సంగతి తెలిసి కూడా దీన్ని దాణాకు వాడితే నేను ఒప్పుకోను. 5 లక్షలు తోటకు. మిగిలిన 3 లక్షలు వేరే డిపాజిట్‌లో పెట్టి దాన్ని గొడ్ల డబ్బు అనుకోండి, ఏడాదిదాకా ముట్టుకోవద్దు.

ఆ 5 లక్షల్లో మీరన్నట్టే కంచెకు రెండున్నర, బోరుకు 50 వేలు పెట్టండి. గది బదులు కూర్చోవడానికి, పనిముట్లు పెట్టుకోవడానికి రేకుల వసారా వేయించుకుంటే లక్షా ఇరవైలో అయిపోతుంది. కోళ్ల గూటికి 30 వేలు. మిగిలిన 50 వేలు దస్తావేజు ఖర్చుకూ మొక్కలకూ. కాలవ పక్కనన్నారు కాబట్టి వసారా నేల రోడ్డు కంటే ఎత్తు లేపండి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నెలనెలా తోట మీద పెట్టేది ఎనిమిది వేలు దాటనివ్వొద్దు. అది మీ వడ్డీలో సగం. దాటిందంటే ఆ నెల ఏదో ఒకటి ఆపేయండి.

కోళ్లు యాభై కాదు, ఇరవై పెట్టలు, రెండు పుంజులతో మొదలుపెట్టండి. నాటుపెట్ట ఏడాదికి 60 నుంచి 100 గుడ్లు పెడుతుంది, పొదుగుడుకొస్తే మూడు వారాలు గూడు దిగదు. గుడ్లు అమ్మి బాగుపడేది లేదు గానీ ఇంట్లోకి, పిల్లలకూ ఇరుగుపొరుగుకూ ఇవ్వడానికి సరిపోతాయి. కొక్కెర తెగులు ఒక్కసారి తగిలిందంటే వారంలో గూడు ఖాళీ అవుతుంది. కోడిపిల్లలకు ఏడో రోజున కంట్లో వేసే లసోటా చుక్క దగ్గర్నుంచి టీకాలు తప్పనివ్వొద్దు. గూటి అడుగున సన్న కన్ను ఇనుప జాలీ వేయించండి, ముంగిస కింద నుంచే తవ్వుకుని వస్తుంది. దుగ్గిరాల నేలలో పసుపు, కంద, అరటి గురించి మీకు నేను చెప్పేదేముంది. ఒక వరస అరటి, నాలుగు మునగ, రెండు నిమ్మ, పది సెంట్లలో ఆకుకూరలు, కూరగాయలు ఉంటే ఇంట్లో కూరల ఖర్చు చాలావరకు తగ్గుతుంది. తోట మీకిచ్చే అసలైన ఆదాయం అదే.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చాలామంది పొరపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. అరటి, పసుపు, కూరగాయలు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను మినహాయింపు ఉంది. పాలు, గుడ్లు, కోళ్లు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు, రిటర్నులో చూపించాలి. కొత్త విధానంలో 2025-26 సంవత్సరానికి 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి మీకు భారమేమీ ఉండదు. చూపించడం మాత్రం మానొద్దు. నెలకు పది వేలు, అంతకు మించి పెన్షన్ ఉన్నవారికి పీఎం కిసాన్ రాదు, ఎవరైనా పెట్టిస్తామంటే ఆధార్ ఇవ్వకండి.

తోట మొదలుపెట్టిన రోజు నుంచి ఒక నోటు పుస్తకంలో రెండే రాయండి, ఆ రోజు తోటకు వెళ్లారా లేదా, ఎంత ఖర్చయింది. ఏడాది తర్వాత ఆ పుస్తకంలో 300 రోజులు వెళ్లినట్టుంటే, నమ్మకమైన మనిషి ఒకరు దొరికి ఉంటే, అప్పుడు గొడ్ల డబ్బు తీసి ఒక్క గేదెను కొనండి. రెండో ఈతదో మూడో ఈతదో, దూడ పక్కన ఉన్నది చూడండి. బేరమాడే ముందు వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించి కొలవండి. అంతకుముందు పూట పితకకుండా పొదుగు నింపి చూపిస్తారు కాబట్టి మొదటి పూట పాలను లెక్కలోకి తీసుకోవద్దు. గాలికుంటు, గొంతువాపు టీకాలు ప్రభుత్వ పశువైద్యశాలలో వేస్తారు. బీమా చేయించి చెవికి పోగు వేయించండి. అది ఊడిపోతే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోవాలి, పోగు లేని గొడ్డుకు క్లెయిమ్ ఇవ్వరు.

ముందు మాత్రం మీ చెల్లెలికి ఫోన్ చేయండి. కంచె వేసేవాడికి అడ్వాన్సు ఇప్పటికే ఇచ్చి ఉంటే, దస్తావేజు అయ్యేదాకా పని ఆపమని ఈ వారమే చెప్పండి.