ప్రయాణాల ప్రశ్నలు–జవాబులు: దీవుల మీద చక్కర్లకి సొంతంగా విమానం మాట్లాడుకోవాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, నీలం నీళ్ళూ తెల్ల ఇసకా వాటి మీద చిన్న విమానమూను. రీల్స్ చూసీ చూసీ వైజాగంతా మాల్దీవుల మీద పడినట్టుంది. సరే, ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, అరకు రైలు గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఆగండి.

ప్రశ్న: వచ్చే జనవరికి మా పెళ్ళై పాతికేళ్ళు. మాల్దీవుల్లో మా ఇద్దరికే ఒక విమానం మాట్లాడి దీవులన్నీ పైనుంచి చూపిస్తానని మావారు ఒకటే హుషారు. మా అమ్మాయేమో రిసార్టుకి ఎలాగూ నీళ్ళ మీద దిగే సీప్లేన్‌లోనే వెళ్తారు కదమ్మా, మళ్ళీ ఇంకో విమానం ఎందుకు, ఆ డబ్బుతో ఇంకో రెండ్రోజులు ఉండి రండి అంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: అమ్మాయి మాటే వినండి, కాకపోతే ఒక షరతు ఉంది, మాల్దీవుల రాజధాని మాలేలో దిగేది పొద్దున్నో మధ్యాహ్నంలోపో అయ్యుండాలి. ఎందుకంటే అక్కడ సీప్లేన్లు వెలుగున్నంత సేపే తిరుగుతాయి, నీళ్ళ మీద రన్‌వే లైట్లు ఉండవు కదా, సాయంత్రం నాలుగు దాటి దిగారంటే ఆ రాత్రి పక్కనున్న హుల్హుమాలే దీవిలో హోటల్ తీసుకుని పొద్దున్నే వెళ్ళాల్సిందే. మనకి ఇక్కణ్ణుంచి నేరుగా విమానం లేదు, బెంగళూరో కొచ్చో మారాలి, చవగ్గా వస్తోందని ఏ సాయంత్రం కనెక్షనో పట్టుకుంటే టికెట్ మీద మిగిలింది కాస్తా హోటల్‌కి పోతుంది.

ఇక మామూలుగా రిసార్టుకి తీసుకెళ్ళే ఆ సీప్లేన్‌లో ఏం కనిపిస్తుందంటే, మీవారు చూపిద్దామనుకున్నదంతా కనిపిస్తుంది. మాల్దీవులంటే 1,192 పగడపు దీవులు, 26 అటాల్స్, పైనుంచి చూస్తే ఒక్కో అటాల్ నీళ్ళల్లో వేసిన గారెలా ఉంటుంది, చుట్టూ అంచు, మధ్యలో లగూన్, అంటే ఆ అంచు లోపల నిలిచిన సముద్రపు నీళ్ళు. ఇదెలా వచ్చిందో 1842లోనే డార్విన్ చెప్పాడు, సముద్రంలో అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పెరిగాయి, లక్షల ఏళ్ళ మీద పర్వతం మెల్లగా కిందకి కుంగిపోతుంటే పగడాలు వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉన్నాయి, చివరికి పర్వతం మునిగిపోయి చుట్టూ ఉన్న అంచు మిగిలింది. బోటులో వెళ్తే ఈ ఆకారం ఎంతసేపటికీ తెలీదు, పైకి లేచిన రెండు నిమిషాలకే తెలిసిపోతుంది.

ఆ విమానం ట్విన్ ఆటర్, రెండు ప్రొపెల్లర్లు, కింద చక్రాల బదులు నీళ్ళ మీద తేలే పడవల్లాంటి బోదెలు, పదిహేను మంది దాకా పడతారు. పైలట్లు చాలామంది చెప్పుల్లేకుండానే నడుపుతారు, చూసి కంగారు పడకండి, విమానం ఆగే తడి డెక్‌ల మీద దిగుతూ ఎక్కుతూ ఉండే ఉద్యోగం. బయల్దేరేటప్పుడు కిటికీల మీదకి నీళ్ళు ఎగజిమ్మి కాసేపు ఏమీ కనపడదు, కింద బోదెలు అలల మీద టపటపా కొట్టుకుంటూ ఉంటాయి, ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది చూడండి, గాల్లోకి లేచారని అప్పుడే తెలుస్తుంది. సీటు నంబర్లుండవు, ముందు ఎక్కినవాళ్ళది ముందు. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిందకి చూపు బాగానే ఆనుతుంది, అయినా రెక్కకి పక్కనే కూర్చుంటే దాన్ని పట్టి ఉంచే కడ్డీలూ ఇంజనూ అడ్డం, అందుకని వెనక్కి వెళ్ళిపోండి.

మరి మీవారి కోరిక ఉత్త దండగా అంటే అదీ కాదు. విమానం మొత్తం మాట్లాడుకుంటే ఎటు తిరగాలో, ఏ దీవి మీద రెండు చుట్లు కొట్టాలో మీరు చెప్పొచ్చు, ఎవరూ లేని ఇసక దిబ్బ పక్కన దింపమని కూడా అడగొచ్చు. కానీ లెక్క మనిషికి కాదు విమానానికి, ఇద్దరెక్కినా పదిమందెక్కినా అదే బిల్లు, అది కూడా వేల డాలర్లలో ఉంటుంది. అన్నదమ్ములూ వదినలూ పిల్లలూ అందరూ కలిసి వెళ్తే తలా పంచుకుని ఆలోచించొచ్చు, ఇద్దరికే అంటే నేను వద్దనే అంటా. అంతగా ముచ్చట పడితే చాలా రిసార్టుల్లో ఫోటో ఫ్లైట్ అని ఉంటుంది, ఓ పావుగంట నుంచి అరగంట తిప్పి అక్కడికే తెస్తారు, మనిషికింతని టికెట్.

ఒకవేళ మీవారు వినకుండా మొత్తం విమానమే మాట్లాడతానంటే డబ్బు కట్టేముందు కొన్ని అడగమనండి. టైము గాల్లోకి లేచినప్పట్నుంచి లెక్కా, డెక్ వదిలినప్పట్నుంచా? విమానం మాలే నుంచి మీ దీవికి ఖాళీగా రావడానికీ పోవడానికీ అయ్యే ఖర్చు ఎవరిది? ఇలా విమానం మొత్తం మాట్లాడుకునే చార్టర్లలో బిల్లు వాచిపోయేది ఎక్కువగా ఇక్కడే. వాన వచ్చి రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, వేరే రోజు ఇస్తారా? ఇవన్నీ మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో అయిపోతుంది సార్ అన్న మాట చెల్లదు.

వేరే విమానం తీసుకోక తప్పని చోట్లు వేరే ఉన్నాయి. మారిషస్‌లో లె మోర్న్ అనే కొండ దగ్గర సముద్రం అడుగున జలపాతం దూకుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి అక్కడ జలపాతమూ లేదు ఏమీ లేదు, లోతులోకి జారే ఇసకా మట్టీ నీటి రంగుల తేడాలో అలా భ్రమ పెడతాయి, కానీ అది పైనుంచి తప్ప కనపడదు, ఒడ్డున నిలబడితే మామూలు నీళ్ళే. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల్లో గుండె ఆకారంలో ఉన్న హార్ట్ రీఫ్ కూడా అంతే, దాన్ని 1975లో ఒక పైలట్ పైనుంచే చూశాడు, ఈతకొట్టేవాళ్ళని దాని దగ్గరికి రానివ్వరు. అలాంటి చోట డబ్బు పెట్టారంటే నేనేమీ అనను.

ప్రశ్న: ఏటండీ ఈ బరువుల గోల? సామాన్లు తూస్తారంటే సరే, మనుషుల్ని కూడా తూస్తారంట కదా. మా అత్తగారు అందరి ముందూ కాటా ఎక్కమంటే నేను రానంటే రానని కూర్చున్నారు.
– ఒక కోడలు, గాజువాక

జవాబు: అన్నిచోట్లా మనుషుల్ని తూయరండి, కొన్నిచోట్ల సగటు బరువు వేసుకుని లెక్క కట్టేస్తారు. హెలికాప్టర్లూ నాలుగైదు సీట్ల విమానాలూ అయితే మటుకు తూస్తారు, అక్కడ కూడా అంకె అందరూ వినేలా చదవమని అడిగేవాళ్ళెవరూ లేరు, నెమ్మదిగా మా అత్తగారిది కాగితం మీద రాసుకోండి అంటే రాసుకుంటారు. చిన్న విమానంలో మొత్తం బరువు ఎంతన్నది ఒక లెక్క, ముందు ఎంత వెనక ఎంతన్నది ఇంకో లెక్క, అందుకే ఒక్కోసారి పైలట్ మీరిటు రండి మీరటు వెళ్ళండని లేపి మారుస్తాడు, దాన్ని అవమానం అనుకోవద్దని చెప్పండి. బుక్ చేసేటప్పుడు అడిగితే బరువు తగ్గించి మాత్రం చెప్పకండి, పెళ్ళిచూపులు కాదిది.

సామాను సంగతి ఇంకా కచ్చితం. మాల్దీవుల సీప్లేన్లలో మామూలుగా 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి, ఆ పైన కిలోకింతని కట్టాలి. అత్తగారి ఆవకాయ సీసాలు ఈ లెక్కలోకే వస్తాయి. ఇంకో మాట, మందు బాటిల్ డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా సరే మాల్దీవుల్లోకి తేనివ్వరు, మామగారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా ఫ్రెండ్ పెట్టిన ఏరియల్ ఫోటోల్లో నీళ్ళు మసక మసగ్గా ఉన్నాయి, ఇన్‌స్టాలో చూస్తే వెలిగిపోతుంటాయి. అదంతా ఎడిటింగేనా? ఆ మాటకొస్తే మన రుషికొండ నీళ్ళు ఎందుకలా ఉండవు?
– ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మధురవాడ

జవాబు: కొంత ఎడిటింగే బాబూ, కానీ ఎక్కువ పాపం టైముది. మీ ఫ్రెండ్ పొద్దున్నో సాయంత్రమో వెళ్ళుంటాడు, సూర్యాస్తమయం ఫ్లైట్ అంటే వినడానికి బాగుంటుంది, అప్పుడు ఎండ ఏటవాలుగా పడి నీళ్ళ పైనే మెరిసిపోయి వెనక్కొచ్చేస్తుంది, అడుగు కనపడదు. లగూన్ రంగు కావాలంటే సూర్యుడు నెత్తి మీదుండాలి, పది నుంచి రెండు లోపల. నీళ్ళు ఎరుపు రంగుని మింగేస్తాయి, నీలం ఆకుపచ్చ మిగుల్తాయి, అవి అడుగునున్న తెల్ల ఇసకకి తగిలి మళ్ళీ మన కళ్ళలోకి వస్తాయి, అందుకే లోతు తక్కువున్న చోట లేత రంగు, రీఫ్ అంచు దాటగానే ఒక్కసారి ముదురు నీలం. ఆ ఇసకలో చాలా భాగం చిలక చేపలు పగడాన్ని కొరికి అరిగించుకుని వదిలేసిందే, తెల్లగా ఉండక ఏమవుతుంది.

మన దగ్గర అడుగున ఆ తెల్ల పగడపు ఇసకా లేదు, అలల్ని ఆపే రీఫూ లేదు. బంగాళాఖాతంలోకి గోదావరి లాంటి పెద్ద నదులన్నీ మట్టి తెచ్చి పోస్తాయి, మన ఇసకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ముదురు రంగు ఖనిజాలుంటాయి, అలలు అడుగుని కెలికేస్తూనే ఉంటాయి. అయినా వైజాగ్‌లో దిగేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ పక్కన హార్బర్ నోరు కిటికీలోంచి కనపడుతుందే, దాన్ని నేను ఏ లగూన్‌కీ ఇవ్వను, ఆ సంగతి వేరే.

ఫోన్ గురించి: ముదురు రంగు చొక్కా వేసుకో, తెల్ల చొక్కా కిటికీ అద్దంలో దెయ్యంలా కనపడుతుంది. లెన్స్‌ని అద్దానికి దగ్గరగా పెట్టు కానీ ఆనించకు, ఇంజన్ వణుకు ఫోటోలోకి దిగిపోతుంది. కెమెరా అయితే షటర్ సెకనులో వెయ్యో వంతు కన్నా ఎక్కువసేపు తెరిచి ఉంచకు, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసెయ్, ప్లాస్టిక్ కిటికీల మీద ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. ముందు ఓ ఐదు నిమిషాలు ఊరికే కళ్ళతో చూడు, తర్వాత తీసుకోవచ్చు.

ప్రశ్న: రిటైరయ్యాం, పాస్‌పోర్టుల్లేవు, డాలర్ల మాట వద్దు. మన దేశంలో ఇలాంటిది ఏమైనా ఉందా? ఆ మధ్య విజయవాడలో సీప్లేన్ అన్నారు, ఏమైంది?
– దంపతులు, అక్కయ్యపాలెం

జవాబు: విజయవాడది 2024 నవంబరు 9న జరిగింది మాస్టారూ, ప్రకాశం బ్యారేజీ నుంచి శ్రీశైలానికి, ముఖ్యమంత్రి కూడా ఎక్కారు, అది డెమో, టికెట్ కొని ఎక్కే సర్వీసు కాదు. అంతకుముందు 2020లో అహ్మదాబాద్ సబర్మతి నుంచి ఐక్యతా విగ్రహం దగ్గరికి సీప్లేన్ మొదలెట్టారు, మాల్దీవుల నుంచి తెచ్చిన ట్విన్ ఆటరే, కొన్నాళ్ళకి ఆగిపోయింది. అండమాన్‌లో జల్ హంస అని ఒకటుండేది, అదీ ఆగింది. అక్కడ దీవుల మధ్య హెలికాప్టర్లున్నాయి కానీ రోగులకీ స్థానికులకీ ముందు, మిగిల్తే మనకి, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి.

మీకు నేను చెప్పేది లక్షద్వీప్. కొచ్చి నుంచి అక్కడి అగట్టి దీవికి మామూలు టికెట్ విమానం ఉంది, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ రకం, సుమారు గంటన్నర. దిగేటప్పుడు చూడాలి, దీవి తోకలాంటి సన్నటి చివర మీద రన్‌వే, రెండు పక్కలా నీళ్ళే, సముద్రంలోనే దింపేస్తున్నాడేమో అనిపిస్తుంది. అక్కడ నేలంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లే, లగూన్లు మాత్రం 4,200 చదరపు కిలోమీటర్లు. చార్టర్ లేకుండా లగూన్ మీద ఎగరాలంటే ఇంతకన్నా చవకైన దారి నాకైతే కనపడలేదు. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, పర్మిట్ మాత్రం తప్పనిసరి, అది చేతికొచ్చాకే విమానం టికెట్లు కొనండి, ముందు కొని తర్వాత ఏడ్చినవాళ్ళ ఉత్తరాలు మా ఆఫీసుకి చాలానే వచ్చాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అప్పుడు వద్దు.

ప్రశ్న: నాకు ఘాట్ రోడ్డులోనే వాంతులు, పైగా ఈత రాదు. చిన్న విమానం ఎక్కొచ్చా?
– ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: ఎక్కొచ్చు. పొద్దున్నే ఫ్లైట్ పెట్టుకోండి, ఎండెక్కిన కొద్దీ గాలి కుదుపులు పెరుగుతాయి, ఫోటోలు కొంచెం తగ్గినా పర్లేదు. ఖాళీ కడుపుతో వద్దు, పూరీ కూరతోనూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. వాంతుల మాత్ర మీ డాక్టర్ని అడిగి ఎక్కేముందే వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఫోన్లోకి చూడకుండా దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీత మీద చూపు పెట్టండి.

ఈత సంగతికొస్తే లైఫ్ జాకెట్ ఇస్తారు, ఒక్కటే గుర్తుంచుకోండి, విమానం లోపల ఉండగా దాన్ని ఊదకూడదు, బయటికి వచ్చాకే తాడు లాగాలి. 1996లో కొమొరోస్ దీవుల దగ్గర హైజాకైన ఒక విమానం సముద్రంలో దిగినప్పుడు, ముందే ఊదేసుకున్నవాళ్ళు నీళ్ళు నిండుతుంటే పైకప్పుకి తేలిపోయి తలుపు దాకా రాలేకపోయారు. భయపెట్టడానికి కాదు, సేఫ్టీ మాటలు చెప్తున్నప్పుడు సెల్ఫీ ఆపి వినమని చెప్తున్నా.

ప్రశ్న: రుషికొండలో స్కూబా నేర్చుకున్నా. మాల్దీవుల్లో పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫోటో ఫ్లైట్ ఒకే రోజు కొట్టేయొచ్చా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వద్దు. లోతులో రక్తంలోకి చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి టైము కావాలి, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చాలా డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగమని డైవర్ల భద్రతా సంస్థ డాన్ చెప్తుంది. చిన్న విమానం కిందే ఎగురుతుంది కదా అని తర్కం తీయకండి, అందులో గాలి ఒత్తిడి సరిచేసే ఏర్పాటుండదు. నీళ్ళ పైనే తేలుతూ కిందకి చూసే స్నార్కెలింగ్‌కి ఈ బాధ లేదు. ఫ్లైట్ ముందురోజు పెట్టుకుని మర్నాటి నుంచి డైవ్‌లు మొదలెట్టండి, ఇంటికొచ్చే విమానానికీ ఇదే లెక్క కాబట్టి ఆఖరి రోజు నీళ్ళలోకి దిగకుండా ఖాళీగా ఉంచండి.