వీక్ యాసిడ్ అయితే పళ్లకు ఏమీ కాదా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 38. బరువు తగ్గాలని రెండు నెలలుగా పరగడుపున రెండు చెంచాల యాపిల్ సిడార్ వెనిగర్‌ను నీళ్లు కలపకుండా తాగుతున్నాను. ఈమధ్య చల్లనివి తాగితే పళ్లు జివ్వుమంటున్నాయి. గొంతులోనూ మంటగా ఉంటోంది. ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయేమో "వెనిగర్ వీక్ యాసిడ్ మమ్మీ, కడుపులోనే స్ట్రాంగ్ యాసిడ్ ఉంటుంది, దీనికేం భయం?" అంటోంది. నిజమేనా డాక్టర్ గారూ?

జవాబు: అమ్మా, ముందు ఈ రోజు నుంచే వెనిగర్‌ను అలా తాగడం ఆపేయండి. మీ అమ్మాయి కెమిస్ట్రీ పాఠం సరిగ్గానే చదివింది. దాన్ని పళ్లకు, గొంతుకు వర్తింపజేయడంలోనే చిక్కొచ్చింది.

ఆమ్లం నీళ్లలో కలిసినప్పుడు దాని అణువుల్లో ఎన్ని విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతాయో చూసి స్ట్రాంగ్, వీక్ అని చెప్తారు. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా విడిపోతుంది, కాబట్టి అది స్ట్రాంగ్. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. 5 శాతం ద్రావణంలో వెయ్యి అణువులకు నాలుగైదు మాత్రమే విడిపోయి ఉంటాయి. మరి మిగతావి? అవన్నీ అక్కడే నిల్వ ఉంటాయి. విడిపోయిన అయాన్లు పంటి గట్టి పైపొరను, అంటే ఎనామెల్‌ను కరిగిస్తూ ఖర్చవుతుంటే, ఆ నిల్వలోంచి కొత్తవి విడిపోతూనే ఉంటాయి. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువన్నమాట. 5 శాతం ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ సుమారు 2.4. అదే పీహెచ్ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్ల ద్రావణంతో పోలిస్తే ఇందులో ఉన్న మొత్తం ఆమ్లం దాదాపు 200 రెట్లు ఎక్కువ! పీహెచ్ 5.5 కంటే తగ్గితే చాలు, ఎనామెల్ కరగడం మొదలవుతుంది. అంత ఆమ్లాన్ని విరిచేయడం లాలాజలానికి తేలికైన పని కాదు.

ఎంత గాఢతలో ఉంది, ఎంతసేపు తగిలింది అన్నవి కూడా చూడాలి. మనం పచ్చిపులుసులో పోసుకునే చింతపండు పులుసులోనూ వీక్ యాసిడ్‌లే ఉంటాయి. కానీ అందులో నీళ్లు ఎక్కువ, పైగా అన్నంతో కలిపి తింటాం. అదే నీళ్లు కలవని ఎసిటిక్ ఆమ్లం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి. తుప్పు వదిలించే కొన్ని మందుల్లో వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా పుస్తకం ప్రకారం వీకే. అది చర్మంలోంచి లోపలికి దిగి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి, ప్రాణం తీయగలదు.

కడుపు సంగతి వేరు. దాని లోపలి గోడను జిగురు పొర, బైకార్బొనేట్ కాపాడుతుంటాయి. అన్నవాహికకు అంత రక్షణ లేదు. కడుపులోని ఆ ఆమ్లమే పైకి ఎగదన్నితే ఛాతీలో ఎంత మంట పుడుతుందో చాలామందికి తెలుసు.

పళ్ల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు గానీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు. ఫ్లోరైడ్ పేస్ట్ వాడండి. పుల్లనివి తిన్నాక మామూలు నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగి బ్రష్ చేయండి. వెనిగర్ మానేశాక గొంతు మంట వారం పది రోజుల్లో తగ్గకపోతే చూపించుకోవాలి. ముద్ద దిగడం కష్టమైనా, వాంతిలో రక్తం కనిపించినా, మలం నల్లగా వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. షుగర్‌కు, బీపీకి మందులు వాడుతుంటే ఈ వెనిగర్ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి. బరువు విషయంలో దీన్ని నమ్ముకునేంత రుజువు లేదు. తిండి, నడక మీద దృష్టి పెడితే మేలు.

ఇదే సందర్భంలో బాత్రూం కడిగే యాసిడ్ గురించి కూడా చెప్పాలి, అది మాత్రం స్ట్రాంగే. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకండి. విరుగుడని నిమ్మరసం, వంటసోడా పట్టించకండి. నోరు నీళ్లతో కడిగించి, 108కి ఫోన్ చేసి, వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. కంట్లో పడితే కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. దయచేసి ఆ యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి దాచకండి, పిల్లలు తెలియక తాగేస్తారు.