సిగ్నేచర్ గిటార్‌కు ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

అభిమాన కళాకారుడి పేరున్న గిటార్‌కు అదనంగా ఖర్చు పెట్టొచ్చా అంటే, పేరు కోసమైతే వద్దు. నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) మీ చేతికి కుదిరితే పెట్టొచ్చు.

ఉదాహరణకు, గిటార్ల కంపెనీ ఫెండర్ 1988లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరుతో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ మోడల్‌నే చూడండి. నెక్ వెనుక భాగం కాస్త ‘వి’ ఆకారంలో ఉంటుంది. దానిలోని మిడ్ బూస్ట్ సర్క్యూట్ మధ్యస్థాయి ధ్వనిని 25 డెసిబెల్స్ దాకా పెంచుతుంది కాబట్టి సింగిల్ కాయిల్ పికప్‌లతోనే (పికప్ అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) హంబకర్ అనే రెండు కాయిళ్ల పికప్ లాంటి బరువైన ధ్వని వస్తుంది. అయితే ఆ సర్క్యూట్‌కి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. అది దిగిపోతే ధ్వని పగులుతుంది, తర్వాత ఆగిపోతుంది. కేబుల్ జాక్‌లోనే వదిలేస్తే వాయించకున్నా బ్యాటరీ ఖర్చవుతుంది. ట్రెమొలోను (బార్ ఊపి శ్రుతిని కదిలించే ఏర్పాటు) చెక్కముక్కతో కదలకుండా బిగించేశారు. బార్ వాడాలంటే ఆ చెక్క తీసి స్ప్రింగులు సరిచేసుకోవాలి.

మరో గిటారిస్ట్ ఇంగ్వీ మాల్మ్‌స్టీన్ పేరున్న స్ట్రాటోకాస్టర్ ఇంకా మొండిది. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మధ్య చెక్కను గుంటగా తొలిచారు. తీగ లాగడం తేలికే (గమకాలు ఇష్టపడేవారికి పండగ), కానీ కార్డ్ (ఒకేసారి మోగించే కొన్ని స్వరాలు) కాస్త గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జారుతుంది.

ఇలాంటి గిటార్ తిరిగి అమ్మేటప్పుడు దానిపై పేరున్న కళాకారుడి అభిమానులే ఎక్కువగా అడుగుతారు. పికప్‌లు తర్వాతైనా మార్చుకోవచ్చు. నెక్ మార్పు మాత్రం ఖరీదైన పని. కొనేముందు పట్టీ వేసుకుని, నిలబడి, బారె కార్డ్‌లు (ఒకే వేలిని పలు తీగలకు అడ్డంగా వేసి నొక్కేవి) వాయించి చూడండి.