జ్వరమొస్తే లంఖణం అన్న మాట మీ పాప విషయంలో మరిచిపోండి

మీ ఏడాది పాపకు ఎంకాడ్ లోపం (కొవ్వును శక్తిగా మార్చే ఒక ఎంజైమ్ సరిగా పనిచేయని పుట్టుజబ్బు), ఏసీఏడీఎం అనే జన్యువులో తేడా అని రిపోర్టు వచ్చిందని రాశారు. చూడ్డానికి బాగానే ఉంది, ఇది నిజంగా జబ్బేనా, మందుందా అని అడిగారు. జబ్బే. మా బాబుకూ ఇదే. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, బడికెళ్తున్నాడు, చెరువులో ఈత కొడుతున్నాడు. కాబట్టి టెన్షన్ పడకండి.

మాది ఉద్దానం, కవిటి దగ్గర. పద్నాలుగో నెలలో వాడికి జ్వరం, వాంతులు. "లంఖణం పరమౌషధం, పడుకున్నోడిని లేపకు" అంది మా అత్త. నేనూ లేపలేదు. తెల్లారేసరికి ఒళ్లంతా చల్లటి చెమట, మెడ వాలిపోయింది. దగ్గర్లో చూపిస్తే ఫిట్స్ అన్నారు. విశాఖ తీసుకెళ్లాక షుగర్ చూస్తే 28. అంత పడిపోయినా మూత్రంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు, దాదాపు లేవు. డాక్టరమ్మకు అక్కడే అనుమానం వచ్చింది. వేలు పొడిచి రక్తపు చుక్కలు ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టి ల్యాబుకు పంపారు.

మనం తినకపోతే ఒంట్లో దాచిన చక్కెర కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాత కొవ్వు కరగాలి. కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో కొవ్వు గొలుసు రెండేసి కార్బన్ల చొప్పున తెగుతూ వస్తుంది. 6 నుంచి 12 కార్బన్ల గొలుసుల దగ్గర ఆ పని మొదలుపెట్టే ఎంజైమే ఈ ఎంకాడ్. వీళ్లకు అక్కడే ఆగిపోతుంది. కీటోన్లూ సరిగా పుట్టవు, చక్కెరా అయిపోతుంది.

ఎంజైమ్‌ను బాగుచేసే మందు లేదు, వేళకు తిండే మందు. మాకు చెప్పిన లెక్క: ఆరు నెలలు దాటాక ఏడాది వరకు 8 గంటలు, రెండేళ్ల వరకు 10, ఆపైన 12 గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదు. అదీ ఒంట్లో బాగున్నప్పుడే. మీ పాప లెక్క మీ డాక్టర్నే అడగండి. జ్వరమొస్తే నేను రాత్రి అలారం పెట్టుకుని లేపి చోడి (రాగి) అంబలి పంచదార వేసి పడతాను. తాగింది నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి గ్లూకోజ్ ఎక్కించమంటాను. వాడి జబ్బేమిటో, ఆసుపత్రిలో ఏం చేయాలో డాక్టరు రాసిచ్చిన ఉత్తరం ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది, మీరూ ఒకటి రాయించుకోండి.

బరువు పెరగాలని ఎవరైనా ఎంసీటీ ఆయిల్ (మధ్యస్థంగా ఉండే కొవ్వు గొలుసుల నూనె) రాస్తే వద్దనండి. వీళ్ల ఒంట్లో కరగని కొవ్వు సరిగ్గా అదే. కొబ్బరినూనెలోనూ కొంత ఉంటుంది. పెరడంతా కొబ్బరి చెట్లున్నా వాడి వంటలో ఆ నూనె వాడం.

మాది మేనరికం. తల్లిదండ్రులిద్దరిలో ఆ జన్యువుది చెరో పాడైన కాపీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. అందుకే చిన్నదానికి పుట్టగానే పరీక్ష చేయించాం. మీకు పెద్దబాబు కూడా ఉన్నాడన్నారు కదా. వాడు ఎంత హుషారుగా ఉన్నా సరే, ఈ నెలలోనే చేయించండి.