టెక్ సందేహాలు: ఇంట్లో పాప ఫొటోలకు ఏ మిర్రర్‌లెస్ కెమెరా?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. సాయంత్రం ఇంట్లో ఫోనుతో తీసిన ఫొటోలన్నీ మసక మసకగా వస్తున్నాయి. రోజూ ఇంట్లోనూ, ఊళ్లకు వెళ్లినప్పుడూ వాడుకోవడానికి రూ.90 వేల లోపు మిర్రర్‌లెస్ కెమెరా కొనాలనుకుంటున్నాం. కానన్ ఆర్50, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10 చూశాం. దుకాణంలో అడిగితే మూడూ మంచివే అంటున్నారు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మూడూ మంచివే, ఆ మాట నిజం. మూడింటిలోనూ ఉండేది ఏపీఎస్-సీ సైజు సెన్సరే (వెలుగును ఫొటోగా మార్చే చిప్పు). మంచి ఫోన్ల ప్రధాన కెమెరాలో ఉండే సెన్సర్ కంటే దీని వైశాల్యం నాలుగైదు రెట్లు ఎక్కువ. బరువులో కూడా పెద్ద తేడా లేదు. బ్యాటరీతో కలిపి సోనీ 343 గ్రాములు, కానన్ 375, నికాన్ 405. అయినా మీ అవసరానికి నేను కానన్ ఆర్50 తీసుకోమంటాను. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఈ మూడింటిలో దానికే ఉంది. మే నెల ఎండలో గోదావరి గట్టు మీద నిలబడి పాపను ఫొటో తీయాలంటే వెనక తెర మీద ఏమీ కనిపించదు. వ్యూఫైండర్ ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. పైగా కెమెరాను ముఖానికి ఆనించి పట్టుకుంటే చెయ్యి కూడా తక్కువగా వణుకుతుంది. మీరు తీసేవి ఎక్కువగా వీడియోలే అయితే నా సలహా మారేది. అప్పుడు చేతికి పట్టు బాగా దొరికే జెడ్30 వైపు మొగ్గేవాణ్ని.

కానీ మీ అసలు సమస్యను కెమెరా బాడీ ఒక్కటే తీర్చలేదు. దయచేసి ఈ సంగతి కొనేముందే ఆలోచించండి. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్సు పగటి వెలుతురులో చక్కగా పనిచేస్తుంది. రాత్రి ట్యూబులైటు కింద, కొంచెం జూమ్ చేస్తే, దాని అపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దగ్గరికి కుంచించుకుపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అప్పుడు సరిపడా వెలుగు పోగవ్వాలంటే షట్టర్ సెకనులో 20వ వంతు సేపు తెరుచుకుని ఉండాల్సి వస్తుందనుకుందాం. ఆ కాస్త సమయంలోనే పాప తల తిప్పేస్తుంది, చెయ్యి ఊపేస్తుంది. ఫొటోలో కళ్ల స్థానంలో చారలు మిగులుతాయి. అదే గదిలో ఎఫ్/1.4 లెన్సు పెడితే 16 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. అంటే సెకనులో 320వ వంతుకే పని అయిపోతుంది. పరిగెత్తుకొచ్చే పాప కూడా కనురెప్పల వెంట్రుకలతో సహా స్పష్టంగా నిలుస్తుంది.

కిట్ లెన్సులో స్టెబిలైజేషన్ ఉందని దుకాణంలో చెప్పే ఉంటారు. ఉన్నది నిజమే. అది సరిచేసేది మీ చేతి వణుకును. పాప కదలికను అది ఆపలేదు.

అందుకే బడ్జెట్‌లో లెన్సు వాటాను ముందే పక్కన పెట్టండి. సిగ్మా కంపెనీ 30 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు ఈ మూడు కంపెనీల మౌంట్లకూ (కెమెరాకు లెన్సు బిగించే అమరికలకు) దొరుకుతుంది. ఆర్50 మీద అది దాదాపు మన కంటి చూపులాంటి దృశ్యాన్నే ఇస్తుంది, మామూలు హాల్లో వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకోవాల్సిన పని ఉండదు. చవగ్గా వస్తుందని చాలామంది 50 ఎంఎం ఎఫ్/1.8 కొంటారు. లెన్సుగా అది మంచిదే. అయితే ఈ సెన్సర్ మీద 80 ఎంఎం లెన్సులా దగ్గరకు లాగుతుంది కాబట్టి చిన్న గదిలో ముఖం తప్ప ఇంకేమీ పట్టదు. కిట్ లెన్సు, సిగ్మా రెండూ కలిపితే బడ్జెట్ దాటుతోందా? అయితే బాడీ మాత్రమే కొని సిగ్మా తీసుకోండి. గుడి గోపురం, కుటుంబమంతా కలిసిన ఫొటో లాంటివాటికి ప్రస్తుతానికి మీ ఫోను చాలు.

కొన్నాక ఒక పని చేయండి. మోడ్ డయల్‌ను టీవీ అనే గుర్తు దగ్గరికి తిప్పి, షట్టర్ వేగాన్ని 1/250కి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకెను) ఆటోకు పెట్టండి. ఐఎస్ఓ 3200 దాకా వెళ్లినా కంగారు పడకండి, కాస్త గరుకుదనం కనిపిస్తుందంతే. గరుకుగా ఉన్న నవ్వును ఆల్బంలో దాచుకుంటాం, చెదిరిన నవ్వును డిలీట్ చేస్తాం.

ఇంకో జాగ్రత్త. ఇంకా చవకగా ఉందని ఆర్100 చూపిస్తారు. దాని తెర బయటికి తిరగదు, తాకితే స్పందించదు. ఫోనుకు అలవాటుపడ్డ చేతికి అది రోజూ విసుగు తెప్పిస్తుంది. వద్దు.

ప్రశ్న: నా దగ్గర నికాన్ డీ5600, 18-140 జూమ్, పాత 50 ఎంఎం డీ రకం లెన్సు ఉన్నాయి. మిర్రర్‌లెస్‌కు మారితే ఇవి పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్‌తో రెండూ బిగుసుకుంటాయి. జూమ్ లెన్సు ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. డీ రకం లెన్సులో సొంత మోటార్ లేదు, అడాప్టర్‌లోనూ లేదు. కాబట్టి ఇప్పుడు డీ5600 మీద చేస్తున్నట్టే అప్పుడూ చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. నన్నడిగితే మారాల్సిన తొందర మీకు లేదు. కదిలే మనిషి కంటిని వెంటాడి పట్టే ఆటోఫోకస్ కావాలంటే మిర్రర్‌లెస్ మేలు. ఆ అవసరం లేకపోతే 35 ఎంఎం ఎఫ్/1.8జీ డీఎక్స్ లెన్సు ఒకటి కొనుక్కుని ఉన్న కెమెరాతోనే హాయిగా సాగండి.

ప్రశ్న: తెలిసినవాళ్లు కానన్ ఎం50 పాతది తక్కువకు ఇస్తామంటున్నారు. కొనవచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆ ఎం శ్రేణిని కానన్ ఆపేసింది. ఆ ఈఎఫ్-ఎం లెన్సులు ఇప్పటి ఆర్ఎఫ్ కెమెరాలకు సరిపోవు. రేపు ఆర్50కి మారితే లెన్సులు కూడా మళ్లీ కొనాల్సిందే. ధర నిజంగా తక్కువై, 22 ఎంఎం ఎఫ్/2 లెన్సు కూడా ఇస్తానంటే చదువు రోజులకు చక్కటి జోడీ. డబ్బు ఇచ్చే ముందు అపర్చర్‌ను ఎఫ్/16కు పెట్టి తెల్లగోడను ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలు కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము, శుభ్రం చేయించుకోవచ్చు. తర్వాత లెన్సులోంచి ఫోను టార్చి వెలుగు పంపి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

ప్రశ్న: విశాఖలో ఉంటాం. లెన్సులకు ఫంగస్ పట్టకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి, తేమను పట్టి ఉంచేది అదే. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, తేమను చూపే చిన్న మీటరు వేసి ఉంచండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపాలి. రంగు మారే రకం సిలికా జెల్ కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన రోజు కెమెరాను మెత్తటి పొడిబట్టతో తుడిచి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి.