జారిన ‘ణ’ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఫేస్‌బుక్ పోస్టులో ‘మూడు రోజుల ఉచిత శిక్షణ’ అని రాయవలసిన చోట ‘ణ’ జారిపోయి ‘ఉచిత శిక్ష’ అని పడిందనీ, ఈ ఉదయం నుంచి జనం దాన్ని స్క్రీన్‌షాట్లు తీసి పంచుకుంటున్నారనీ నువ్వు కంగారుగా రాసిన లేఖ అందింది. చాలా ఏళ్లు ప్రకటనలు రాసినవాడిగా చెబుతున్నాను, ఆ పోస్టును చడీచప్పుడు లేకుండా తీసేయకు. అది ఇప్పటికే పదిమంది ఫోన్లలో ఉంది కనుక, తీసేస్తే తప్పు చేసి దాచారన్న మాట కూడా తోడవుతుంది. ఫేస్‌బుక్‌లో దిద్దుకునే వీలుంది కానీ, పాత రూపం ఎడిట్ హిస్టరీలో కనబడుతూనే ఉంటుంది.

2011 ఫిబ్రవరిలో అమెరికన్ రెడ్ క్రాస్ ఉద్యోగి ఒకరు సొంత ఖాతా అనుకుని, బీరు తాగడం గురించిన ట్వీటును సంస్థ ఖాతాలో పెట్టారు. సంస్థ దాన్ని తొలగించి ఊరుకోకుండా, తొలగించామని చెబుతూనే, తాము మత్తులో లేమనీ బండి తాళాలు లాక్కున్నామనీ నవ్వుతూ రాసింది. ఆ ట్వీటులో పేరున్న డాగ్‌ఫిష్ హెడ్ బీరు కంపెనీ, రెడ్ క్రాస్‌కు విరాళాలివ్వమని తన అభిమానులను కోరింది.

నువ్వూ ఈ పూట దాటకుండా ఇలా రాయి: “శిక్ష కాదండీ, శిక్షణే. ‘ణ’ మా చేతుల్లోంచి జారిపోయింది. ఎవరినీ గోడకుర్చీ వేయించబోమని హామీ ఇస్తున్నాం. ముందుగా పట్టుకున్నవారికి కృతజ్ఞతలు.” దాని కిందే తరగతుల తేదీ, సమయం, పేరు నమోదు చేసుకునే లింకు తప్పక ఉండాలి, ఎందుకంటే నవ్వుకోవడానికి వచ్చినవారికి అసలు విషయం అక్కడే దొరక్కపోతే, ఎంతమంది చూసినా నీకు ఒరిగేదేమీ లేదు. వ్యాఖ్యలకు ఒకటి రెండు రోజులు ఓపికగా జవాబులివ్వు. ఆ తర్వాత ఆ హాస్యాన్ని సాగదీయకు.

అయితే తప్పు పడింది మందు మోతాదులోనో, ధరలోనో, చనిపోయినవారి పేరులోనో అయితే హాస్యం పనికిరాదు. అక్కడ సూటిగా క్షమాపణ చెప్పి, సరైన వివరం ఇవ్వడమే మన పని. ఇది కలిసొచ్చింది కదా అని రేపు కావాలని అక్షరాలు తప్పు రాయకు. పాఠకులు ఇట్టే పసిగడతారు, ఆ నమ్మకం మళ్లీ రాదు.

పోస్టు టైపు చేసిన అమ్మాయి పేరు ఎక్కడా బయటపెట్టకు, ‘మా’ తప్పు అనే రాయి. ముసాయిదా సిద్ధం కాగానే నాకు పంపు, ఈసారి ఇద్దరం చదువుదాం.